తమ్ముడూ, ఆ రైలు ఇప్పుడే ఎక్కొద్దు

నెలకొక ఫోనైనా వస్తుంది. నంబరు మారుతుంది, గొంతు మారుతుంది, మాట అదే. మొన్న ధర్మవరం నుంచి వచ్చింది. “అన్నా, డిగ్రీ అయిపోయింది. సినిమాల్లోకి రావాలనుకుంటాండా. మీరుండారు కదా, డైరెక్షన్ డిపార్ట్‌మెంట్లో యాడన్నా పెట్టిస్తారేమోనని...” రాసిందేమన్నా ఉందా అని అడిగాను. “లైనుందన్నా. ఫోన్లో చెప్పేది కాదు. కలిసినప్పుడు చెప్తా.”

రావద్దన్నాను. పిల్లోడు నొచ్చుకున్నాడు. పైకెక్కినోళ్ళు నిచ్చెన లాగేస్తారనుకుని ఉంటాడు. నేను పైకి ఎక్కనేలేదన్న సంగతి పాపం అతనికి తెలీదు.

నాది పెనుకొండ. ఆరేళ్ళు కృష్ణానగర్‌లో ఉన్నాను. క్లాప్ కొట్టాను, కంటిన్యుటీ రాశాను, క్యారవాన్ బయట గంటలకొద్దీ నిలబడ్డాను, సారు మూడ్ ఎట్లుందో ముఖం చూసి పసిగట్టే విద్యలో ఆరితేరాను. సెట్ మీద ఏమీ నేర్చుకోలేదంటే అబద్ధం. వెలుతురు పోతుంటే ఏడు షాట్లని మూడింటికి ఎట్లా కుదించాలో తెలిసింది. కానీ ఆరేళ్ళలో నేను రాసిన సీన్లు పదకొండు. అవీ ఇంకొకరి కథల్లో, నా పేరు లేకుండా. రాయడానికి వెళ్ళినవాణ్ణి, రాయడం తప్ప అన్నీ చేశాను. దీనికి మా రూముల్లో ఒక గౌరవమైన పేరుంది, స్ట్రగుల్. ఎన్ని పూటలు పస్తులున్నాడో, ఎన్నేళ్ళు చాపమీద పడుకున్నాడో ప్రతి ఇంటర్వ్యూలోనూ వింటాం. ఎన్ని డ్రాఫ్టులు చించేశాడని ఒక్క యాంకర్ అడగగా నేను వినలేదు. ఇరవైల్లోని ఆరేడేళ్ళు ఇట్లా కరిగిపోవడాన్ని తపస్సని పొగడ్డం ఇకనైనా మానుకోవాలి.

అసలు రోగం ఎక్కడుందంటే, మన పరిశ్రమ చదవదు, వింటుంది. బౌండ్ స్క్రిప్టు చేతిలో పెడితే పక్కన పెట్టి, “నరేషన్ ఇవ్వు” అంటారు. కథ చెప్పడం వేరు, రాయడం వేరు. గొంతు పెంచి, బ్యాక్‌గ్రౌండ్ స్కోరు కూడా నోటితోనే కొట్టగలిగినవాడు గెలుస్తాడు. మనం నోరు తెరవగానే హిందూపురం బయటపడుతుంది. “కొంచెం న్యూట్రల్‌గా చెప్పు బాస్” అని నాతో అన్నవాళ్ళున్నారు. న్యూట్రల్ అనేది ఏ ఊరప్పా? దానికి బస్సుందా? వాళ్ళకి మన మాట కావాల్సొచ్చేది ఒక్కచోటే, సుమోల్లోంచి కత్తులతో దిగేవాళ్ళ నోట్లో. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, మరుసటేడు ఆది, ఇంద్ర. చూసినవాళ్ళలో మేమూ ఉన్నాం, ఈలలూ వేశాం. ఎన్టీఆర్‌ని మూడుసార్లు అసెంబ్లీకి పంపింది హిందూపురం, 2014 నుంచి బాలకృష్ణని పంపుతోంది. ఓట్ల కోసం వచ్చిన సినిమా ఒక్కసారి మా మార్కెట్టు వీధిలో కూర్చుని మీ కథేందప్పా అని అడిగుంటే బాగుండేది. అడగలేదని ఏడ్వను. మనమే చెప్పలేదు.

నరేషన్ సంగతికొస్తే, ఆర్.జి. ఆనంద్ కేసు ప్రతి కొత్త రచయితా తెలుసుకోవాలి. ఆయన ఢిల్లీ నాటకకర్త. ‘హమ్ హిందుస్తానీ’ అని ఒక నాటకం రాశాడు. దాన్ని దర్శకుడు మోహన్ సెహగల్‌కి వినిపించాడు. 1956లో ‘న్యూఢిల్లీ’ సినిమా వచ్చింది. ఇది నాదేనని కోర్టుకెక్కాడు. 1978లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. ఆలోచనకీ ఇతివృత్తానికీ కాపీరైటు ఉండదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుంది అన్నది తీర్పు సారాంశం. నాటకం చేతిలో ఉన్నవాడి గతే అది. ఉత్త లైను నమ్ముకుని రైలెక్కేవాడి సంగతేంది? ‘ప్రాంతాలు వేరైన ఇద్దరు ప్రేమించుకున్నారు’ అనేది ఎవడి సొత్తూ కాదు. ఎవరి ఇంట్లో, ఏ మాటతో, ఏ అన్నం ముందు ఆ గొడవ జరిగిందన్నది రాస్తేనే నీది. ఇక్కడే నాకు నవ్వొస్తుంది. చట్టం నీదని ఒప్పుకునే ఆ వివరాలనే, న్యూట్రల్ చేసే పేరుతో గీకి పారేయమంటారు.

నా మొదటి స్క్రిప్టు జూబ్లీహిల్స్ కాఫీషాపులో మొదలవుతుంది. అప్పటికి నేను ఆ గడప తొక్కలేదు. కాఫీ ఎంతో కూడా తెలీదు. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టు మాత్రం చిన్నప్పట్నుంచీ తెలుసు. మా మామ పల్లె నుంచి గూళ్ళు తెచ్చేవాడు. నెల రోజులు పురుగుల్ని పసిబిడ్డల్లా సాకి, ఆకు కోసి, నిద్రలు చెడి, పొద్దున్నే అక్కడ పోస్తాడు. రీలరు వచ్చి గుప్పెడు గూళ్ళు తీసి, ఒకటి చెవి దగ్గర ఆడించి, ఏమీ అనకుండా పక్క కుప్పకి పోతాడు. ఆ ‘ఏమీ అనకపోవడం’ చూసి మా మామ ముఖంలో ఏం జరిగేదో నాకిప్పటికీ గుర్తుంది. గూడు దారమవుతుంది, దారం ధర్మవరం మగ్గం ఎక్కుతుంది, చీర ఎవరో షోరూములో పెళ్ళికూతురు ముందు పరుచుకుంటుంది. మధ్యలో పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ, కొరియా అక్షరాల బోర్డులు, నిన్నటిదాకా చేనికాడ ఉన్న పిల్లోడు యూనిఫాం వేసుకుని షిఫ్టు బస్సు కోసం నిలబడ్డం. ఒక్క రైలుమార్గం మీద ఇన్ని ఉండగా నేను కాఫీషాపు రాశాను. ఆ తప్పు ఎవరి మీదా నెట్టను.

మనవాళ్ళ షార్ట్‌ఫిల్ములూ తక్కువేం కాదు. లేపాక్షి మీద డ్రోను, బసవన్న మీద డ్రోను, పెనుకొండ కోట గోడ మీద హీరో నడక, అంతే. లేపాక్షి గుడి కప్పు కింద తలెత్తి నిలబడితే కిరాతార్జునీయం వరుసగా, ఘట్టం తర్వాత ఘట్టం కనబడుతుంది. ఏ క్షణాన్ని బొమ్మ కట్టాలో ఏది వదిలేయాలో ఆ చిత్రకారులకి తెలుసు. డ్రోను పైనుంచి పోతుంది కాబట్టి అది కనిపించదు. ధర్మవరం మండలంలోనే నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తెల్లగుడ్డ, వెనక దీపం, ఆడించే చేతులు, గొంతులు మార్చి మాట్లాడే మనుషులు, ఇంటిల్లిపాదే యూనిట్. ఇప్పుడు ఆ తోలుతోనే లాంప్‌షేడ్లు చేసి అమ్ముకుంటున్నారు. వాళ్ళని తప్పుపట్టే హక్కు నాకు లేదు, కడుపు నిండాలి కదా.

“కె.వి. రెడ్డి మద్రాసు పోలేదా?” అంటారు. పోయాడు. మా పాత అనంతపురం జిల్లా, తాడిపత్రి వైపు మనిషి. ముందు కంపెనీలో లెక్కలు చూసి, 1942లో భక్త పోతన తీశాడు. కానీ వాహినిలో పెట్టుబడి పెట్టిన మూలా నారాయణస్వామిదీ తాడిపత్రే, ఇద్దరూ స్నేహితులు. పైగా అప్పుడు కెమెరా, ల్యాబు మద్రాసు పోతే తప్ప దొరకవు. ఇప్పుడు కెమెరా నీ జేబులో ఉంది. జేబులో లేనిది స్క్రిప్టు.

హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్లు, హైదరాబాదు దానికి నాలుగు రెట్ల పైనే. ఒకసారి అటువైపు చూడండి. మండ్య జిల్లా నోడెకొప్పలు అనే ఊళ్ళో, నటులు కానివాళ్ళతో తీసిన కన్నడ సినిమా ‘తిథి’. 2015లో లొకార్నోలో బహుమతులు తెచ్చుకుంది. దర్శకుడు రామ్ రెడ్డితో కలిసి అది రాసిన ఈరేగౌడ ఆ ఊళ్ళో పెరిగినవాడే. ముసలాయన చావు, దినం, పొలం తగాదా, అంతే కథ. మన దగ్గరా 2018లో కంచరపాలెం మనుషులే కంచరపాలెం సినిమాలో నటించారు. 2021లో ‘సినిమా బండి’ వచ్చింది, సరిహద్దు పల్లెలో ఆటో నడిపేవాడికి కెమెరా దొరికితే ఏమవుతుందని. అందులో మాటలు వింటుంటే మా వీధి విన్నట్టే ఉండింది. సంతోషంతోపాటు ఒక మంట కూడా. ఇది మేమెందుకు రాయలేదు?

డబ్బెవరిస్తారంటే, ఎవరూ ఇవ్వరు. కానీ నలభై పేజీలకి నోటుబుక్కు చాలు. ఇంట్లో ‘సినిమా పిచ్చోడు’ అంటారు, అననీ. కృష్ణానగర్‌లో అద్దె కట్టి ఆ మాటే పడ్డం కంటే, ఇంట్లో సంగటి తిని పడ్డం చవక. రాసింది బౌండ్ అయ్యాక, దాంట్లోంచి పది నిమిషాలు తీసి చూపించగలిగాక రా, స్టేషన్‌కి నేనే వస్తా.

ఆ ధర్మవరం పిల్లోడికి ఒక పని చెప్పాను. వాళ్ళ నాయన షావుకారు దగ్గర కూలి మగ్గం నేస్తాడు. చీరలో మచ్చ పడిందని కూలి కోసిన సాయంత్రం ఇంట్లో ఏం జరుగుతుందో రాయి, ఎవరూ ‘బాధగా ఉంది’ అనకూడదు అన్నాను. వారానికి మూడు పేజీలు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. అక్షర దోషాలు బోలెడు. రెండో పేజీలో నాయన వచ్చి కాళ్ళు కడుక్కుంటాడు. అమ్మ ఎంతిచ్చారని అడగదు. కొడుకుని పిలిచి, అంగడికి రాసిన సరుకుల చీటీలో రెండు కొట్టెయ్యమంటుంది. ఏవి కొట్టెయ్యాలో నాయన చెప్తాడు.

మూడో పేజీలో హీరో ఎంట్రీ. స్లోమోషన్, దుమ్ము, వెనక నాలుగు సుమోలు. ఆ పేజీ చించేసి మళ్ళీ పంపమన్నాను. ఇంకా రాలేదు.