వివాహపు రిజిస్టర్లను గూర్చి రిజిస్ట్రేషను శాఖాధికారులకు బహిరంగ లేఖ



భర్తను గోల్పోయిన మా పినతల్లి, కుటుంబ పింఛను నిమిత్తము, 1968లో నమోదైన తన వివాహమునకు ధ్రువపత్రము గోరి, నాతోగూడ ఒక సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునకు మూడు పర్యాయములు వచ్చి, మూడు పర్యాయములును రిక్తహస్తములతో మరలినది. సంవత్సరము చెప్పితిమి, ఊరు చెప్పితిమి, మూలల పసుపు ఇంకను వెలిసిపోని శుభలేఖను ఆమె సంచిలోనుండి తీసి బల్లపై బెట్టినది. నమోదు సంఖ్య లేనిదే వెదకజాలమని గుమాస్తాగారు చెప్పిరి. ఏబదియేండ్లకు పైబడిన సంఖ్యను ఏ ఇల్లాలు జ్ఞాపకముంచుకొనును?

1955 నాటి హిందూ వివాహ చట్టములోని 8వ సెక్షను, వివాహపు రిజిస్టరు సముచిత వేళలయందు ఎల్లర పరిశీలనకు తెఱచియుండవలెననియు, రుసుము చెల్లించి కోరినవారికి ధ్రువీకృత ప్రతుల నీయవలెననియు విస్పష్టముగ జెప్పుచున్నది. ప్రత్యేక వివాహ చట్టమునందును ఇట్టి నిబంధనయే కలదు. ఆంధ్రప్రదేశమున వివాహముల నమోదును నిర్బంధము చేయుచు 2002లోనే చట్టము వచ్చినది. 2006లో సుప్రీంకోర్టు దేశమంతటికిని అదియే విధించినది. నేడు పెండ్లి ఫొటోతో, వయోనిర్ధారణ పత్రములతో, సాక్షులను వెంటబెట్టుకొని మీ గుమ్మమున నిలుచు నూతన దంపతులకు, నమోదు ఎంత ముఖ్యమో, నమోదైనది మరల దొరకుటయు అంత ముఖ్యము.

కావున, పాత రిజిస్టర్లు చెదలపాలు గాకమున్నే, వధూవరుల పేర్లను అకారాది క్రమమున గూర్చి సూచికలు వ్రాయింపుడు. సంఖ్య యెఱుగనివారికి పేరునుబట్టి వెదకిపెట్టుడని ప్రతి కార్యాలయమునకును ఉత్తరువు పంపుడు. మా పినతల్లికి డెబ్బదియేడేండ్లు. వచ్చే సోమవారము ఆమె నాలుగవసారి వచ్చుచున్నది.