గృహపరిశ్రమలు: ఆవిరియై అంటెడి సిరా



గతమాసమున మా వీధిలోని యొక చెల్లెలు చీటీసొమ్ము కొంగున ముడివైచుకొని మా యింటికి వచ్చినది. "అక్కగారూ, మీ యింట ప్రింటరు కలదు గదా! దానిలో సబ్లిమేషను సిరా పోసినచో కప్పులమీదను, బనీనులమీదను బొమ్మలు వేసి నాలుగు డబ్బులు గడింపవచ్చునట. సిరాసీసాలు తెప్పింతునా?" అని యడిగినది. భర్తను పోగొట్టుకొని, యిద్దరు బిడ్డలను చదివించుకొనుచున్న యిల్లాలామె.

ఆ ముడిని చూడగనే మాకు మా తప్పు జ్ఞప్తికి వచ్చినది. క్రిందటి యేడు మేమును ఇట్లే ఉత్సాహపడి, మావారు ప్రశ్నపత్రములు అచ్చువేసికొనెడి పాత యంత్రమున ఈ సిరా పోసితిమి. గొట్టములలో మిగిలియున్న మామూలు సిరాతో కలిసి రంగులు చెడినవి. ఆ బొమ్మలనే నూలుసంచులపై నొత్తితిమి. మొదటి ఉతుకునకే వెలవెలబోయినవి. తుదకు సిరా వెడలెడి రంధ్రములు పూడిపోయి, పరీక్షల నాళ్లలో మావారు అనకాపల్లి పోయి అచ్చువేయించుకొనవలసి వచ్చినది. ఆయన మమ్మొక్క మాటయు ననలేదు. అదియే మాకు మఱింత కష్టమయ్యెను.

సిరా స్వభావము నెఱుగకపోవుటయే మా తప్పు. కర్పూరమును మూతలేక యుంచినచో కరగి నీరు కాకయే గాలిలో కలిసిపోవును గదా! ఘనపదార్థ మిట్లు నేరుగా ఆవిరియగుటను ఉత్పతనమందురు. ఈ సిరాలోని రంగునలుసులు నట్టివే. మొదట కాగితముపై బొమ్మ నచ్చువేసి, దానిని గుడ్డపై బోర్లించి, సుమారు 190 మొదలు 200 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో 45 మొదలు 60 సెకండ్లు ఒత్తిపట్టవలెను. అంతట రంగు ఆవిరియై పాలియెస్టరు పోగులలోనికి చొచ్చి, చల్లారిన పిదప లోపలనే నిలిచిపోవును. అందుచేతనే చేతికి గరుకు తగులదు, ఉతికినను పోదు.

నూలుపోగు ఈ రంగును పట్టి యుంచదు. పెడన, మచిలీపట్నము కలంకారీవారు నూలుగుడ్డకు ముందు కరక్కాయ రసము పట్టించి, పటికతో రంగును బంధింతురు. ఆ విద్య వేఱు, ఈ విద్య వేఱు. నూలు, పాలియెస్టరు కలిసిన గుడ్డలో పాలియెస్టరు మేరకే రంగు నిలుచును. పింగాణి కప్పులైనను, లోహపు పలకలైనను ఇందులకై ప్రత్యేకమగు పైపూత గలవి కొనవలెను. ఈ సిరాలలో తెలుపు లేదు గనుక వస్తువు తెల్లనిదో, లేతరంగుదో కావలెను.

యంత్రమునకును పాత్రత యుండవలెను. ఎప్సన్ వారి ప్రింటర్లలో విద్యుత్తు సోకగనే కదలెడి స్ఫటికము సిరాను నెట్టును. హెచ్‌.పి., కేనన్ వారి ఇంకుజెట్ యంత్రములలో పెక్కింట సిరాను కాచి, బుడగ పుట్టించి వెడలగొట్టుదురు. వేడికి మాఱెడి సిరాకు మొదటి పద్ధతియే తగినది. అందును, ఎన్నడును మామూలు సిరా పోయని కొత్త ట్యాంకు యంత్రము మేలు. ఏ రంగు నా తొట్టిలోనే పోసి, రంధ్రముల పరీక్షకాగితము తీసి, గీతలన్నియు తెగక వచ్చినవో లేదో చూడవలెను. ఇట్లు మార్చినచో తయారీదారు హామీ చెల్లకపోవచ్చును. ఆ యంత్రమును మరల మామూలు పనికి మరలింపరాదు.

బొమ్మను అద్దములోవలె త్రిప్పి అచ్చువేయవలెను. కాగితముపై రంగు వెలిసినట్లుండును. వేడి తగిలిన పిదపనే కళ వచ్చును గనుక బెదరనక్కఱలేదు. సిరా అమ్మినవా రిచ్చు రంగుల ఫైలును కంప్యూటరులో చేర్చినచో రంగులు కొంత నిక్కముగా వచ్చును. ఇస్త్రీపెట్టె వేడి అంతటను సమముగా నుండదు. హీట్ ప్రెస్సు కావలెను. కిటికీలు తెఱచి, పిల్లలను దూరముగా నుంచి పనిచేయుడు. వారమున కొకమారైనను అన్ని రంగులతో నొక కాగితము తీయనిచో రంధ్రములు పూడును.

మేము చెల్లెలితో, "ముందు ముడి విప్పకుము. ఈ సిరాతో అచ్చైన కాగితములు కొన్ని కొని, ఈ పని చేయువారి ప్రెస్సుపై నీ చేతులతో ఒత్తి చూడుము. నచ్చినచో యంత్రము కొందువుగాని" అంటిమి. ఆమె యట్లే చేసినది. పిదప సొమ్ములో సగముతో కొత్త యంత్రము కొనినది. మిగిలినది బిడ్డల చదువునకు దాచినది. ప్రెస్సు మాత్రము ప్రస్తుతము అద్దెకు తెచ్చుకొనుచున్నది. తొలి కప్పుపై పేరు త్రిప్పుట మఱచి కుడియెడమలు తాఱుమాఱైన అక్షరములు వేసినది. దానిలోనే ఇపుడు కాఫీ త్రాగుచున్నది. రెండవ వారమున నొక పెండ్లివారికి 24 కప్పులు చేసి యిచ్చినది.

మన మాడుగుల హల్వాకు గోధుమలు నానవలెను, పాలు తీయవలెను, ఆ పాలు ఊరవలెను. తొందరపడినచో పాకము కుదురదు. ఇంటి పరిశ్రమయు నట్టిదే. సొమ్ము వెచ్చించుటకు ముందు సిరా దేనికి తగునో, యంత్రము దేనికి తగునో తెలిసికొనుడు. మీ యింట ఒకే ప్రింటరున్నచో దానిజోలికి పోకుడు. పిల్లల చదువునకు అది కావలసియున్నది.