డిస్నీ వాకిట్లో గుడారం: నామోషీ ఎందుకు?

మన జిల్లాలో గుడివాడ, పామర్రు, ఉయ్యూరు ప్రాంతాల్లో అమెరికాలో పిల్లలున్న ఇళ్లకు కొదవలేదు. ఆర్నెల్లు కొడుకు దగ్గరో కూతురు దగ్గరో గడిపి వచ్చిన పెద్దలు చెప్పే కబుర్లలో నయాగరా జలపాతం తర్వాత వినబడే పేరు ఫ్లోరిడా రాష్ట్రంలోని డిస్నీ వరల్డ్. ఆ కబుర్లలో సగం అక్కడి వింతల గురించైతే, మిగతా సగం అక్కడి ఖర్చు గురించే. మా ఇద్దరి కోసం అబ్బాయి ఇంకో గది తీసుకోవలసి వచ్చిందని నొచ్చుకునే తల్లులున్నారు. ఆ ఖర్చు విని, మీరు వెళ్లి రండి, మేం ఇంటి దగ్గరే ఉంటామని తప్పుకున్న తండ్రులూ ఉన్నారు. మనవడి చెయ్యి పట్టుకుని తిప్పి చూపించాలని సముద్రాలు దాటి వెళ్లినవారు, చివరికి గది అద్దెకు జంకి ఇంట్లో టీవీ ముందు కూర్చోవడం కంటే విచారకరం ఏముంటుంది?

ఈ చిక్కుకు విరుగుడు ఆ డిస్నీ వాకిట్లోనే యాభై ఏళ్లకు పైగా ఉంది. అదే గుడారం. మనవాళ్లలో చాలామంది దాని వంక చూడరు. తెలియక కొందరు చూడకపోతే, తెలిసీ చూడనివారు ఇంకొందరు. లక్షల జీతగాళ్లమై ఉండి గుడారంలో పడుకోవడమేమిటన్న నామోషీయే ఇందుకు కారణం.

ఏమిటీ విడిది?

డిస్నీ వరల్డ్‌లో మొదటి వినోదవనం మేజిక్ కింగ్‌డమ్ 1971 అక్టోబరు 1న తెరిచారు. అదే సంవత్సరం నవంబరులో దానికి సరస్సు అవతల, సుమారు 750 ఎకరాల అడవిలో ఫోర్ట్ వైల్డర్‌నెస్ అనే విడిది ప్రారంభమైంది. కారులో పిల్లల్నీ, వంటసామానునూ వేసుకుని వందల మైళ్లు వచ్చే అమెరికన్ మధ్యతరగతి కుటుంబాలు దీన్ని మొదటినుంచీ ఆదరించాయి. ఇప్పుడు అక్కడ చెక్క ఇళ్లు కాక ఎనిమిది వందల దాకా శిబిర స్థలాలున్నాయి. కొన్ని ఇల్లంత వాహనాలు తెచ్చుకునేవారికి, కొన్ని గుడారం వేసుకునేవారికి.

గుడారం స్థలమంటే ఏదో బీడు చూపించి వదిలేస్తారని అనుకోవద్దు. చదును చేసిన జాగా, ప్రతి స్థలానికీ నీటి కుళాయి, కరెంటు, బల్ల, బొగ్గుల పొయ్యి ఉంటాయి. కాస్త దూరంలో స్నానాల గదులు, మరుగుదొడ్లు, బట్టలు ఉతికే యంత్రాలు ఉంటాయి. ఆ స్నానాల గదులకు ఏసీ కూడా ఉంది. విడిది లోపల తిరగడానికి బస్సులు, మేజిక్ కింగ్‌డమ్‌కు వెళ్లడానికి సరస్సు మీద పడవ, మిగతా మూడు వినోదవనాలకు బస్సులు ఉంటాయి. వీటికి వేరే రుసుము లేదు. గుడారం, పరుపులు మాత్రం మనమే తెచ్చుకోవాలి.

గది లెక్క, గుడారం లెక్క

నామోషీని కాసేపు పక్కన పెట్టి కాగితం మీద లెక్క వేద్దాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఊరినుంచి వచ్చిన తాతా నాయనమ్మా, మొత్తం ఆరుగురు. డిస్నీవారి హోటళ్లలో అన్నిటికంటే చవక రకంలో మామూలు గదికి నలుగురే పరిమితి. ఆరుగురికి రెండు గదులు కావాలి. సెలవుల రద్దీని బట్టి ఒక్కో గదికి రాత్రికి నూట యాభై, రెండు వందల డాలర్లు, పండుగల్లో ఇంకా ఎక్కువ. గుడారం స్థలానికి పరిమితి పదిమంది. దాని అద్దె కూడా రోజును బట్టి మారుతుంది. ఇటీవలి ధరల్లో సుమారు నూరు నుంచి రెండు వందల డాలర్ల మధ్య చూసుకోవచ్చు. అంటే రెండు గదుల అద్దెలో సగమో, అంతకన్నా తక్కువో. పెద్దవాళ్లు కూడా వస్తే ఇంకో గది అన్న మాటే ఉండదు. ఆరుగురికైనా, ఎనిమిదిమందికైనా స్థలం ఒక్కటే.

అయితే ఈ లెక్క అందరికీ ఒకే విధంగా కుదరదు. అట్లాంటా నుంచి సుమారు 440 మైళ్లు సొంత కారులో వచ్చేవారికీ, టాంపా వంటి దగ్గరి ఊళ్లవారికీ ఇది లాభం. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో విమానంలో దిగి, కారు అద్దెకు తీసుకుని, గుడారం, పరుపులు కొత్తగా కొని రెండు రాత్రులు ఉండేవారికి మిగిలేది తక్కువ. భార్యాభర్తలు, ఒక బిడ్డ మాత్రమే వెళ్తే మామూలు గదే సుఖం. మనుషులు ఎక్కువై, రోజులు ఎక్కువై, సొంత వాహనం ఉన్నప్పుడే గుడారం విలువ తెలుస్తుంది.

పులిహోర చేసే మేలు

అసలు ఆదా అద్దెలో కంటే వంటలో ఉంది. వినోదవనం లోపల సాదా భోజనానికే మనిషికి పదిహేను, ఇరవై డాలర్లు అవుతాయి. ఆరుగురు రెండు పూటలు తింటే రెండు వందల డాలర్లు అవలీలగా దాటుతుంది. ఇంతా పెట్టి రొట్టెముక్క తిన్నాక రాత్రికి పెద్దాయనకు పెరుగన్నం లేకపోతే నిద్ర పట్టదు. హోటలు గదిలో పొయ్యి వెలిగించడానికి వీల్లేదు. దొంగచాటుగా పోపు పెడితే పొగ గంట మోగి హోటలంతా లేస్తుంది. గుడారం ముందు ఆ భయం లేదు. కరెంటు ఉంది కనుక అన్నం కుక్కరు పెట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త అవసరం. అక్కడి కరెంటు 120 వోల్టులు. ఇక్కడినుంచి ప్రేమగా మోసుకెళ్లిన 230 వోల్టుల కుక్కరు అక్కడ సరిగా పనిచేయదు. కుక్కరు అక్కడిదే కావాలి.

బయటి తిండిని వినోదవనాల్లోకి రానివ్వరన్న అపోహ మనవాళ్లలో ఉంది. అది నిజం కాదు. వేడి చేయనవసరం లేని పదార్థాలు కుటుంబానికి సరిపడా తీసుకెళ్లవచ్చు. గాజు సీసాలు, మద్యం పనికిరావు. కాబట్టి ఆవకాయ గాజు సీసాలో పట్టుకెళ్తే ద్వారం దగ్గరే ఆపేస్తారు. ప్లాస్టిక్ డబ్బాలో వేసుకుంటే ఇబ్బంది లేదు. పొద్దున్నే కలిపిన పులిహోర, దద్దోజనం మధ్యాహ్నానికి చక్కగా ఉంటాయి. మంచినీళ్లు కొనవలసిన పని కూడా లేదు. లోపలి భోజన కౌంటర్లలో అడిగితే గ్లాసుతో చల్లటి నీళ్లు ఉచితంగా ఇస్తారు.

టిక్కెట్టు లేని రోజు

ఇంత ఆదా చేసినా ఒక సత్యం మరువరాదు. డిస్నీ యాత్రలో పెద్ద ఖర్చు బస కాదు, ప్రవేశ టిక్కెట్టు. 1971లో పెద్దవారి ప్రవేశ రుసుము 3.50 డాలర్లు, ఆటలకు విడిగా చీటీలు. ఇప్పుడు రద్దీ రోజుల్లో మేజిక్ కింగ్‌డమ్ ఒకరోజు టిక్కెట్టు రెండు వందల డాలర్ల దగ్గరికి చేరింది. మూడేళ్లలోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. మూడు నుంచి తొమ్మిదేళ్లవారికి కొద్దిగా తక్కువ. పదేళ్లు నిండితే పెద్దవారి లెక్కే. ఆరుగురి ఒక్కరోజు టిక్కెట్ల డబ్బు గుడారం స్థలానికి నాలుగైదు రోజుల అద్దెతో సమానం. బస దగ్గర మిగిల్చి టిక్కెట్ల దగ్గర చేయి జారిస్తే ఫలితమేముంది?

ఈ విషయంలో గుడారానికి ఇంకో మంచి గుణం ఉంది. విడిదిలో ఉన్నవారికి ప్రతిరోజూ టిక్కెట్టు అక్కరలేదు. ఈత కొలను ఉంది. గుర్రాల శాల ఉంది. చీకటిపడ్డాక నెగడు చుట్టూ పిల్లలచేత పాటలు పాడించి, ఆరుబయట సినిమా వేస్తారు. మన ఊళ్లో పాక హాలు కట్టకముందు తెర కట్టి వేసిన సినిమాల్ని చూసిన పెద్దలకు ఇది కొత్తేమీ కాదు. సరస్సు ఒడ్డున నిలబడితే మేజిక్ కింగ్‌డమ్ వాళ్లు కాల్చే బాణసంచా కనిపిస్తుంది. వీటికి టిక్కెట్టు లేదు. నాలుగు రోజులుంటే రెండు రోజులు టిక్కెట్టు కొని లోపలికి వెళ్లడం, రెండు రోజులు విడిదిలోనే గడపడం తెలివైన పద్ధతి. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మకు ఒక్కరోజు చాలు. ఆమె నాలుగు రోజులూ నడవలేదు, నడిపించడం భావ్యమూ కాదు.

కష్టాలూ ఉన్నాయి

గుడారం స్వర్గమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ మన కోస్తా వేసవిలాంటి ఉక్కపోత, దాదాపు ప్రతి మధ్యాహ్నం ఉరుములతో వాన. ఆ రోజుల్లో పెద్దవారిని గుడారంలో పడుకోబెట్టడం శిక్షే. జూన్ ఒకటి నుంచి నవంబరు ఆఖరు దాకా తుపానుల కాలం. 2022లో ఇయన్, 2024లో మిల్టన్ తుపానులు వచ్చినప్పుడు ఈ శిబిర స్థలాలను ఖాళీ చేయించారు. కనుక ఫిబ్రవరి, మార్చి నెలలు మేలు. అప్పుడైనా రాత్రి చలికి రగ్గు కావాలి.

నేలమీద పడుకుని లేవలేనివారికి మడత మంచం తప్పనిసరి. రాత్రివేళ మరుగుదొడ్డికి నడవాలి కాబట్టి స్థలం తీసుకునేటప్పుడే స్నానాల గదులకు దగ్గరగా ఇమ్మని అడగాలి. టార్చిలైటు దగ్గర ఉంచుకోవాలి. తిండి సామాను గుడారంలో వదలకుండా కారులో పెట్టి తాళం వేయాలి. ముఖాన నల్లగంత కట్టినట్టుండే రకూన్ అనే జంతువు మూతలు తీయడంలో మన కోతికి తీసిపోదు. అన్నిటికంటే ముఖ్యం, సరస్సు నీళ్లలోకి పిల్లల్ని దిగనివ్వరాదు. 2016 జూన్‌లో డిస్నీ వరల్డ్‌లోనే మరో హోటలు దగ్గర, నీటి అంచున ఉన్న రెండేళ్ల బాలుణ్ని మొసలి జాతికి చెందిన ఆలిగేటర్ లాక్కుపోయింది. హెచ్చరిక బోర్డులు అలంకారానికి పెట్టినవి కావు.

ఒక మాట డిస్నీవారిని ఉద్దేశించి కూడా చెప్పాలి. నేల, కుళాయి, కరెంటుకు రాత్రికి నూరు, నూట యాభై డాలర్లంటే సామాన్యుడికి అది తేలిక కాదు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న లేక్ లూయిసా, వెకీవా స్ప్రింగ్స్ అనే ఫ్లోరిడా ప్రభుత్వ పార్కుల్లో గుడారం స్థలానికి మూల రుసుము 24 డాలర్లు. కరెంటు, రిజర్వేషను వంటివి కొద్దిగా అదనం. అక్కడుండి రోజూ కారులో వస్తే డిస్నీ దగ్గర కారు నిలిపేందుకు వేరే రుసుము అవుతుంది. అదంతా కలిపినా డిస్నీ గుడారం కంటే తక్కువే. అయితే పడవ, బాణసంచా, మధ్యాహ్నం ఎండకు వచ్చి నడుం వాల్చే సౌకర్యం అక్కడ ఉండవు. 2024 నుంచి ఆ పార్కుల్లో స్థలాలను ఫ్లోరిడా నివాసులకు పదకొండు నెలల ముందు, ఇతరులకు పది నెలల ముందు కేటాయిస్తున్నారు. కాబట్టి ముందుచూపు ఉండాలి.

నామోషీ ఎక్కడినుంచి వచ్చింది?

నిజానికి మన తాతముత్తాతలు తిరునాళ్లకు ఎలా వెళ్లారు? బండి కట్టి, బియ్యం మూట, కూరల బుట్ట వేసుకుని, చెట్టుకింద మూడు రాళ్ల పొయ్యి పెట్టి వండుకున్నారు. బండికిందే పడుకున్నారు. మేడారం జాతరకు లక్షలాది జనం నేటికీ అలాగే గుడారాలు వేసుకుని వంట చేసుకుంటారు. అందులో ఎవరికీ చిన్నతనం కనిపించలేదు. ఇంటిల్లిపాదీ వెళ్లడమే అక్కడ గొప్ప. డాలర్లు చేతిలో పడ్డాకే ఎక్కడ దిగారు అన్న ప్రశ్న ఎంతమంది వెళ్లారు అన్నదానికంటే పెద్దదైపోయింది.

మన పర్యాటక అధికారులు కూడా ఇందులో గ్రహించవలసింది ఉంది. మంగినపూడి తీరానికో, హంసలదీవికో పర్వదినాల్లో వచ్చే కుటుంబాలకు కావలసింది ఏసీ గదులొక్కటే కాదు. చదునైన జాగా, కుళాయి, దీపం, శుభ్రమైన మరుగుదొడ్డి, ఆడవాళ్లకు తలుపున్న స్నానాల గది ఇచ్చి, న్యాయమైన రుసుము తీసుకుంటే జనం సంతోషంగా చెల్లిస్తారు. కోటీశ్వరుల కంపెనీయే తన వాకిట్లో గుడారానికి చోటిచ్చినప్పుడు మన ప్రభుత్వం ఇవ్వడానికి అభ్యంతరమేమిటి?

అమెరికాలోని పిల్లలకు ఒక్కటే మనవి. అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఈ లెక్కలు వారి ముందే వేయండి. వారికి చెప్పకుండా ఖర్చు పెట్టి తర్వాత నెలంతా మొహం ముడుచుకోవద్దు. పెద్దలకూ ఒక మనవి. ఖర్చని తప్పుకోవద్దు. గుడారమైతే వస్తామని మీరే అడగండి. మడత మంచం, రగ్గు, టార్చిలైటు, ప్లాస్టిక్ డబ్బాలో ఆవకాయ ఉంటే చాలు. మనవడికి రేపు గుర్తుండేది గది అద్దె కాదు, నెగడు దగ్గర తాతయ్య ఒళ్లో కూర్చుని సినిమా చూసిన రాత్రి.