చదువుల ఇంట్లో చదువే ఉండాలి

పాత భవనాల పరిరక్షణ అనగానే మన నగరంలో ముందుగా వినబడే మాటలు రెండే: హోటల్, మ్యూజియం. మహలును మ్యూజియంగా మారిస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. చౌమహల్లాను బాగుచేసి ప్రజలకు తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు కూడా దక్కింది. సంతోషమే. కాని చదువు కోసం కట్టిన భవనం సంగతి వేరు.

బీదర్‌లోని మహమూద్ గవాన్ మదర్సానే తీసుకోండి. బహమనీల వజీరు 1472లో కట్టించిన మూడంతస్తుల విద్యాలయం అది. అందులో కుతుబ్‌ఖానా, మసీదు, ఉస్తాదులకూ తాలిబె ఇల్ములకూ గదులు ఉండేవి. మొగలుల ఏలుబడిలో అక్కడ మందుగుండు నిల్వ చేశారు. 1696లో పేలుడు జరిగి ఒక మీనారూ, ముఖభాగంలో చాలా వరకూ నేలకూలాయి. కితాబులు ఉన్న చోట బారూదు పెట్టడం కూడా ఒక రకం పునర్వినియోగమే మరి!

మన పాతబస్తీలో, మూసీ ఒడ్డున హైకోర్టు పక్కనే సిటీ కాలేజీ ఉంది. మొదటి సాలార్‌జంగ్ కాలం నాటి దారుల్ ఉలూమ్ పరంపర దానిది. విన్సెంట్ ఎష్ నక్షా గీసిన ఈ భవనంలోకి 1921లో సిటీ హైస్కూలు వచ్చింది. ఆ ఏడాదే ఉర్దూ మాధ్యమంలో ఇంటర్మీడియట్ మొదలైంది. 1929లో కాలేజీ అయింది. మఖ్దూం మొహియుద్దీన్ ఇక్కడే పాఠాలు చెప్పారు. నూరేళ్లు దాటినా అక్కడ తరగతులు జరుగుతూనే ఉన్నాయి. దాని అసలు విలువ ఆర్చీల్లో కన్నా ఇందులోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం.

అయితే వాడుకలో ఉండటం ఒక్కటే చాలదు. నది అవతల ఉస్మానియా ఆస్పత్రి కూడా ఎష్ నక్షాయే. అదీ వాడుకలోనే ఉండేది. ఏళ్ల తరబడి మరమ్మతులు వాయిదా పడ్డాయి. 2020 జులైలో వార్డుల్లోకి వాన నీరు చేరింది, ఆ నెలలోనే పాత భవనాన్ని ఖాళీ చేయించి మూసేశారు. నష్టపోయింది బీదరోగులు. బడిభవనాలకూ ఇదే గతి పడితే నష్టపోయేది ఫీజు కట్టలేని పిల్లలే.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. వానాకాలానికి ముందు మిద్దెలూ తూములూ శుభ్రం చేయాలి. గోడల్లో మొలిచిన రావి మొక్కలను వేళ్లతో సహా తీయాలి. సున్నపు గోడకు సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి గోడ గుల్లబారుతుంది; డంగు సున్నమే వాడాలి. ఆ పని తెలిసిన మేస్త్రీలను టెండరు నిబంధనల్లోనే అడగాలి.

గదులు చాలడం లేదనే మాట వస్తుంది. హైకోర్టు కొత్త భవనానికి 2024 మార్చిలో రాజేంద్రనగర్‌లో శంకుస్థాపన జరిగింది. కోర్టు తరలివెళ్లే నాటికి పాత భవనంలో కొంత భాగాన్ని గోడ పక్కనే ఉన్న కాలేజీకి లైబ్రరీ కోసం అడగవచ్చు. ఆ దరఖాస్తు పూర్వ విద్యార్థులు ఇప్పుడే పెట్టాలి. హోటల్ వాళ్లు మనకన్నా ముందే పెడతారు.