బాంజో సరే, మన కిన్నెర సంగతేంది?

దసరా సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చిన మా చిన్నోడు అన్నం ముందు కూర్చొని బాంబు పేల్చాడు. "అమ్మా, మేం నలుగురం బ్యాండు పెడ్తున్నం. కరెంటు వాయిద్యం ఒక్కటి కూడా ఉండదు. గిటారు, ఫిడేలు, బాంజో, అంతే. అమెరికా పాత పల్లెపాటల లెక్క." వాళ్ల నాన్న ముద్ద ఆపి, "ముందు బ్యాక్‌లాగులు చూస్కో" అన్నారు. రెండు రోజులు ఇంట్లో తండ్రీకొడుకులకు మాటల్లేవు.

ఆ పాటలు నేను మాత్రం వాడి ఫోనులో విన్నాను. బాంజో మూలం ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లదట. మొదట్లో సొరబుర్రతోనే చేసేవారట. 2005లో 'కరోలినా చాక్లెట్ డ్రాప్స్' అనే బ్యాండు పెట్టిన పిల్లలు, ఎనభై దాటిన జో థాంప్సన్ అనే ఫిడేలు తాత ఇంటికి పోయి, ఆయన పక్కన కూర్చొని వాయించి నేర్చుకున్నారట.

సొరబుర్ర అనగానే నాకు కిన్నెర గుర్తొచ్చింది. వెదురు బొంగు, సొరబుర్రలు, తేనెమైనంతో అతికించిన మెట్లు. నా చిన్నప్పుడు వనపర్తిలో మా వాకిట్లోకి ఒక కిన్నెర తాత వచ్చి పండుగ సాయన్న కథ పాడేవాడు. పాట సగంలో ఉండగానే అమ్మ చేటెడు జొన్నలు పోసి తలుపేసేది. ఒక్కనాడూ గడప లోపలికి పిలవలేదు. బి.ఏ.లో జానపద సాహిత్యం చదివి మంచి మార్కులు తెచ్చుకున్న నేను కూడా పెళ్లయ్యాక అదే చేశాను. కిన్నెర వాళ్లు మా వీధికి రావడం ఎప్పుడు మానేశారో కూడా గమనించలేదు.

మన నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర ఆయనది. అంతకు ముందు ఏడాది 'భీమ్లా నాయక్' పాటలో ఆయన గొంతు విని మురిసిపోయాం, స్టేటస్‌లు పెట్టుకున్నాం. అంతే. పిల్లల కీబోర్డు క్లాసుకు నెలనెలా ఫీజు కట్టే మనం, కిన్నెర నేర్పమని ఎవరి ఇంటికైనా పంపామా?

అందుకే మా వాడికి చెప్పాను. "బ్యాండు పెట్టుకో బిడ్డా, పరీక్షలు కూడ రాయి. కానీ అమెరికోళ్ల పాట ఒక్కటే కాదు, వాళ్లు నేర్చుకున్న తీరు కూడ పట్టుకో. గద్వాల దిక్కో, నాగర్‌కర్నూల్ దిక్కో కిన్నెర వాయించే పెద్దమనిషి యాడున్నడో ఎతుకు. ఆయన ముందర కింద కూసో. ఫోనుల రికార్డు చేస్కొని ఉరికొచ్చుడు కాదు, ఫీజు కట్టి నేర్చుకో."

వాళ్ల నాన్న ఇంకా ఒప్పుకోలేదు. నేను మాత్రం ఒకటి అనుకున్నాను. ఈసారి కిన్నెర మా ఇంటికొస్తే చాప గడప లోపలే వేస్తాను. పాట అయ్యేదాకా కూర్చుంటాను.