ఇటుకగోడకు ఐదు, చెక్కగోడకు నలుబది

ఇంటి ముందరి వసారాకు గోడ కట్టించి, తలుపు పెట్టించి, నేలకు టైల్సు పరపించి, అందులో రెండు కుట్టుమిషన్లును ఒక మగ్గమును వేసికొని పెండ్లిండ్ల జాకెట్లు కుట్టుచున్న ఒక యిల్లాలు, ఆ మరమ్మతులకైన మూడు లక్షల రూపాయలను తన వ్యాపారపు లెక్కలో తరుగుదలగా చూపుకొనవచ్చునా యని ఈ వారము మా వీధిలో పెద్ద చర్చ జరిగినది. చూపుకొనవచ్చును, ఆదాయపు పన్ను చట్టమునకు ఆ మాత్రపు దయ కలదు. కాని ఆ దయ ఎంత కొలతతో చేతికి వచ్చునో చూచిన పిదప నాకు కలిగిన చిరాకును దాచుకొనజాలకున్నాను.

2025-26 లెక్కలకు వర్తించు 1962 నాటి నియమావళి పట్టికలో వ్యాపార భవనములకు తరుగుదల నూటికి పది. అయితే కట్టడపు వైశాల్యములో మూడింట రెండు వంతులకు తగ్గకుండ నివాసమునకు వాడుచున్నచో, ఆ భవనము ప్రధానముగా నివాసమునకే యని భావింపబడి పది కాస్తా ఐదగును. వంటయిల్లు, పడకగదులు, పిల్లల చదువు, అత్తగారి మంచము అన్నియు నున్న యింటిలో వసారామాత్రమే వ్యాపారమునకు మిగిలినవారు ఈ గీతను దాటుట యెట్లు? మూడు లక్షలకు మొదటి యేడు 15,000, మరుసటి యేడు 14,250, ఇట్లు సన్నగిల్లుచు పదేండ్లు గడచినను కాగితముపై దాదాపు 1,80,000 తరుగక మిగిలియుండును. ఆ పదేండ్లలో మిషను కాళ్ళ కింద టైల్సు ఎన్నిమారులు పగులునో పట్టిక వ్రాసినవారికి పట్టలేదు. మొదటి యేడు ఆ గదిని 180 దినములకు తక్కువ వాడినచో దక్కునదందులోనూ సగమే.

ఆ పట్టికలోనే మరియొక పంక్తి కలదు. కేవలము తాత్కాలికములైన చెక్క కట్టడములకు నూటికి నలుబది! అనగా, గట్టిగా నుండవలెనని ఇటుకతో కట్టించుకొన్నామెకు ఐదు. రెండు వానలకు ఉబ్బి ఊడిపోవు చెక్కలతో సరిపెట్టుకొన్నామెకు నలుబది. త్వరగా పోవునది త్వరగా తరుగునను తర్కము నాకు తెలియనిది కాదు. కాని కష్టార్జితమును నిలుకడగల పనిలో పెట్టినవారినే ఎక్కువకాలము నిరీక్షింపజేయు తర్కమును మెచ్చుకొనుట నా వల్ల కాదు.

పోనీ, ఆ మూడు లక్షలైనను పూర్తిగా లెక్కకెక్కునా? మేస్త్రీకి శనివారము బట్వాడా చేయుట మన దేశాచారము. ఇరువది వేలు నోట్ల రూపమున అతని చేతిలో పెట్టినచో, ఒక దినమున ఒక మనిషికి పదివేలకు మించి నగదుగా చెల్లించినందున ఆ ఇరువది వేలును ఆస్తి ఖరీదులో చేరవు. సాయంకాలము ఆరు గంటలకు, వెనుక నలుగురు కూలీలు నిలుచుండగా, «చెక్కు రాయించుకో నాయనా» అని మేస్త్రీతో అనగల ధీరులెవరో నాకు తెలియదు.

ఇక ఆడిటరుగారి మాట: «ఎందుకమ్మా ఈ గొడవంతా, నలభై నాలుగు ఎ.డి.లో వేసేద్దాం.» పన్ను చట్టములోని ఆ సెక్షను ప్రకారము అమ్మకముపై నూటికి ఎనిమిది, బ్యాంకు ద్వారా వచ్చినదానిపై ఆరు లాభముగా చూపినచో చాలును. సుఖమే, కాని అప్పుడు తరుగుదల అంతయు ఇచ్చివేసినట్లే భావింపబడి, గోడ విలువ కాగితముపై యేటేట కరగును.

పండ్రెండు లక్షల ఆదాయము వరకు కొత్త పద్ధతిలో పన్నే లేదు గదా, ఈ విలాపమెందుకని పాఠకులడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఆమెను నెలనెలా కుట్టుచున్నది ఆదాయపు పన్ను కాదు, కరెంటు బిల్లు. మన ఉభయ రాష్ట్రముల టారిఫ్ ఉత్తర్వులలోను ఒక నిబంధన కలదు: గృహ కనెక్షనుపై వ్యాపారము చేయదలచినవారు దానికి వేరు కనెక్షను తీసికొనవలయును, తీసికొననిచో ఆ యింటి వాడకమంతయు వాణిజ్యపు ధరకే లెక్కింపబడును. వసారాలోని మిషను తిరిగినంత మాత్రమున అత్తగారి ఫ్యానుకూడ దుకాణపు ఫ్యానగును! తరుగుదల ఇయ్యవలసి వచ్చినప్పుడు మూడింట రెండు వంతుల నివాసము ఇంటినంతటిని నివాసము చేసినది. బిల్లు వసూలు చేయునప్పుడు ఒక్క వసారా ఇంటినంతటిని దుకాణము చేసినది. ఒకటి కేంద్రపు కొలత, ఒకటి రాష్ట్రపు కొలత యని సమాధానము చెప్పువారుందురు. ఇల్లు మాత్రము ఒకటే.

ఆ మూడింట రెండు వంతుల గీతనే కరెంటువారును పాటించి, అంతమాత్రపు నివాసమున్న యింటిని ఇల్లుగానే యెంచవలెనని నా కోరిక. విద్యుత్ నియంత్రణ మండలులు టారిఫులపై బహిరంగ విచారణలు జరుపుచుండును. పెద్ద కర్మాగారములవారు అచ్చటికి వకీళ్ళతో వచ్చెదరు. ఇంట కుట్టుకొను ఆడవారు తమ బిల్లులు పట్టుకొని ఒక్కమారైనను అచ్చటికి పోవలయును. వారి పక్షమున ఆడిటరుగారు పోరు.

— గృహస్థుడు