స్త్రీలు - ఇంజనీరు వృత్తి
పదునెనిమిదవయేటనే భర్తను గోల్పోయి, చంటిబిడ్డతో నున్న అయ్యలసోమయాజుల లలితగారిని తండ్రి పప్పు సుబ్బారావుగారు మూల గూర్చుండబెట్టలేదు. తాము ఆచార్యులుగా నున్న మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో జేర్పించిరి. 1943లో ఆమె విద్యుచ్ఛాస్త్రమున పట్టము నందిరి. పట్టమున అచ్చుపడియున్న 'అతడు' అను మాటను గొట్టివేసి 'ఆమె' యని వ్రాయవలసివచ్చెనట! పిదప కలకత్తాలో పనిచేయుచు భాక్రానంగల్ ఆనకట్ట విద్యుదుత్పాదకయంత్రముల పనియందు పాల్గొనిరి.

నేడు మన యింజనీరింగు కళాశాలలలో బాలికలకు కొదవలేదు. కాని యా పట్టమును పెండ్లిసంబంధమునకు మెఱుగుగా జూపి, అంతటితో బీరువాలో బెట్టించు తండ్రులును గలరు. 1961లోనే చట్టము నిషేధించిన కట్నమునకై ఎకరములమ్ముటకు వెనుదీయని పెద్దలు, కూతురు పొరుగూర నుద్యోగము చేసెదనన్నంతనే లోకులకు జంకుటేల? సుబ్బారావుగారి కాలమున లోకులు లేకుండిరా? ఈ యేడు పట్టము పొందు బాలికలను ముందు ఉద్యోగములలో జేరనిండని తల్లిదండ్రులను గోరుచున్నాము. సంబంధములు పిదప జూడవచ్చును.